ఎక్స్-రే ట్యూబు డిజైన్‌లో ఇన్నేళ్ళలో నిజంగా ఏం మారింది? కొత్త ట్యూబు కొనేముందు తెలుసుకోవాలి

నరసన్నపేట_రేడియో:

అందరికీ నమస్కారం. నేను నరసన్నపేటలో ఒక చిన్న డయాగ్నొస్టిక్ సెంటర్లో రేడియోగ్రాఫర్ని. మాది పాత 300 ఎంఏ (ట్యూబులో పారే కరెంటు, మిల్లీఆంపియర్లలో) మెషీను, సింగిల్ ఫేజ్ జనరేటరు (ట్యూబుకి హై వోల్టేజి ఇచ్చే భాగం), గ్లాస్ ట్యూబు, తిరిగే ఆనోడ్ (ఎలక్ట్రాన్లు తగిలి ఎక్స్-రే పుట్టే డిస్కు). కొన్నాళ్ళుగా ప్రెప్ (ఎక్స్‌పోజర్‌కి ముందు ట్యూబుని సిద్ధం చేసే స్విచ్చు మెట్టు) నొక్కగానే గరగరమని సౌండు వస్తా ఉండేది, రోటర్ (ఆనోడ్‌ని తిప్పే భాగం) ఆగేటప్పుడు ఇంకా ఎక్కువ, ఇప్పుడు తిరగడమే మానేసింది, ఎక్స్‌పోజర్ పడట్లేదు. సర్వీసు ఇంజనీరు వచ్చి చూసి బేరింగులు పోయాయి, ట్యూబు మార్చాల్సిందే, లోపల విప్పి బాగుచేసేది కాదు అన్నారు.

మా ముందు రెండు దార్లున్నాయి. పాత హౌసింగులోనే (బయటి తొడుగు) కొత్త ఇన్‌సర్టు (లోపలి ట్యూబు) వేయించుకోవడం ఒకటి. రెండోది మెషీన్ మొత్తం మార్చి హై ఫ్రీక్వెన్సీ జనరేటర్‌తో కొత్తది తీసుకోవడం. అమ్మడానికి వచ్చినాయన మెటల్ సెరామిక్ అన్నాడు, రీనియం టార్గెట్ అన్నాడు, లిక్విడ్ బేరింగ్ అన్నాడు, హీట్ యూనిట్లు లక్షల్లో చెప్పాడు, నాకు సగమే అర్థమైంది. మా ఓనరు గారు అడిగేదేటంటే, రాంట్‌జెన్ ఎక్స్-రే కనిపెట్టి నూటపాతికేళ్ళు దాటింది కదా, ఇప్పటికీ అదే గాజు బుడ్డి, అందులో బేరింగు పోతే లక్షలు పోసి పారెయ్యడమేటి, ఈ లోపల ఇంజనీర్లు ఏం చేసినట్టు అని. ప్రశ్న న్యాయంగానే ఉంది. డిప్లొమాలో కూలిడ్జ్ ట్యూబ్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాం గానీ ఆ తర్వాత ఎవరు ఏం మార్చారో, ఎందుకు మార్చారో మాకెవరూ చెప్పలేదు.

మాకొచ్చే కేసులు: ఛాతీ ఎక్కువ, నడుము, మోకాళ్ళు, హైవే మీద యాక్సిడెంట్ దెబ్బలు, ఉద్దానం వైపు నుంచి కిడ్నీ పేషెంట్లు ఊపిరితిత్తుల్లో నీరు చేరిందేమో చూపించుకోడానికి ఛాతీ ఎక్స్-రేకి వస్తారు. డీఆర్ ప్యానెల్ (ఫిల్ము బదులు బొమ్మ పట్టే డిజిటల్ పలక) ఈమధ్యే పెట్టాం. ఈ పనికి ఏ మార్పు నిజంగా ఉపయోగం, ఏది మాకు అక్కర్లేదు? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

ఇజీనగరం_సర్వీస్:

తమ్ముడూ, నేను విజయనగరంలో ఉంటాను, రెండు జిల్లాల్లో ఎక్స్-రే మెషీన్ల సర్వీసు చేస్తాను. పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు, మీ ఓనరు గారికి కూడా చూపించు.

మొట్టమొదట ఒక్క విషయం పట్టుకుంటే మిగతాదంతా దానికదే అర్థమైపోతాది. ట్యూబులోకి మనం పంపే కరెంటులో ఎక్స్-రే అయ్యేది 1 శాతం కూడా ఉండదు, మిగతా 99 శాతం పైన అంతా వేడే. నూటపాతికేళ్ళుగా ట్యూబు డిజైన్‌లో వచ్చిన ప్రతి మార్పూ, దాదాపుగా, ఆ వేడిని ఎక్కడ పెట్టాలి ఎలగ బయటికి పంపాలి అనే దాని గురించే. నడుము సైడు వ్యూకి 85 కేవీ (కిలోవోల్టులు) 100 ఎంఏఎస్ (ఎంఏని సెకన్లతో గుణిస్తే వచ్చేది) ఇచ్చావనుకో, మీ సింగిల్ ఫేజ్ లెక్కలో రెండూ గుణిస్తే 8,500 హీట్ యూనిట్లు, జౌళ్ళలో సుమారు 6,000. ఇదంతా సెకను లోపలే, మిల్లీమీటర్ల లెక్కలో ఉన్న ఒక చిన్న మచ్చ మీద పడతాది. టంగ్‌స్టన్ 3,400 డిగ్రీల దాకా కరగదు, అయినా ఆ మచ్చ కదలకుండా ఒకేచోట ఉంటే టార్గెట్టు (ఎలక్ట్రాన్లు తగిలే ఆనోడ్ ముఖం) మీద గుంట పడిపోతాది.

మచ్చని పెద్దది చేస్తే వేడి తగ్గుతాది కదా అంటావు, తగ్గుతాది, కానీ ఫిల్ము మీద ఎముక అంచు మసకబారిపోతాది. బొమ్మ షార్ప్‌గా రావాలంటే మచ్చ చిన్నదవ్వాలి, టార్గెట్టు బతకాలంటే పెద్దదవ్వాలి. ఈ చిక్కుకి మొదటి జవాబు టార్గెట్టుని ఏటవాలుగా పెట్టడం, లైన్ ఫోకస్ అంటారు. టార్చిలైటు గోడ మీద ఏటవాలుగా కొడితే వెలుగు సాగినట్టు ఎలక్ట్రాన్లు పడే చోటు పొడుగ్గా ఉంటాది, పేషెంటు వైపు నుంచి చూస్తే మాత్రం కుదించి కనిపిస్తాది. 12 డిగ్రీల కోణం అయితే 1.2 మిల్లీమీటర్ల ఫోకస్‌కి అసలు పొడుగు 5.8 మిల్లీమీటర్ల దాకా వస్తాది, అంటే దాదాపు 5 రెట్ల చోటు మనకి ఉచితంగా దొరికినట్టే. మరి కోణం ఇంకా తగ్గించెయ్యొచ్చు కదా అంటే కుదరదు, 12 డిగ్రీలకి మీటరు దూరంలో కవర్ అయ్యేది 42 సెంటీమీటర్లే, ఛాతీకి వాడే 35 బై 43 ప్యానెల్‌కి అది బొటాబొటీ. కొటేషన్‌లో టార్గెట్ యాంగిల్ అని ఒక అంకె ఉంటాది, దాన్ని ఎవరూ చూడరు, నువ్వు చూడు.

రెండో జవాబు ఆనోడ్‌ని తిప్పడం. ఇది నాకు ఎప్పుడు చూసినా గొప్పగానే అనిపిస్తాది. చిన్న డిస్కు తీసుకున్నా ట్రాకు చుట్టుకొలత 190 మిల్లీమీటర్లు ఉంటాది, మచ్చ వెడల్పు 1.2, అంటే వేడి పడే చోటు నూటయాభై రెట్లు పెరిగింది. 50 హెర్ట్జ్ మీద నిమిషానికి 3,000 చుట్లకి కాస్త తక్కువగా తిరుగుతాది, ఒక చుట్టుకి 20 మిల్లీసెకన్లు, ట్రాకు మీద ఒక్కో చోటు ఎలక్ట్రాన్ల కింద ఉండేది మిల్లీసెకనులో ఏడో ఎనిమిదో వంతు మాత్రమే, ఆ తర్వాత మళ్ళీ దాని వంతు వచ్చేలోపు కాస్త ఊపిరి తీసుకుంటాది. హై స్పీడ్ ట్యూబుల్లో 9,000 పైన తిప్పుతారు, మూడింతలు తిప్పితే మూడింతల పవర్ రాదు, 1.7 రెట్ల దాకా వస్తాది.

ఇప్పుడు మీ బేరింగు దగ్గరికి వస్తాను. ఇది ఇండక్షన్ మోటరే, స్టేటర్ కాయిల్ గాజు బయట, రాగి రోటర్ గాజు లోపల. లోపల వాక్యూమ్. ఆ వాక్యూమ్‌లో ఆయిలు గానీ గ్రీజు గానీ వేసే వీలే లేదు, ఆవిరైపోయి వాక్యూమ్ చెడిపోతాది, ఆ తర్వాత హై టెన్షన్ ఇస్తే లోపల మెరుపులే. అందుకని బేరింగు బాల్స్‌కి వెండి పూతో సీసం పూతో వేస్తారు, ఆ మెత్తటి లోహమే లూబ్రికెంటు. పక్కనే వెయ్యి డిగ్రీలు దాటిన డిస్కు. ఆ వేడి బేరింగులోకి దిగకూడదని మధ్యలో కాడని సన్నగా మాలిబ్డినమ్‌తో చేస్తారు. అంటే వేడి కాడలోంచి పోకూడదు, గాలి లేదు కాబట్టి గాలిలోకీ పోదు, మిగిలింది కాంతిలాగ రేడియేట్ అయి చుట్టూ ఉన్న ఆయిల్లోకి పోవడమే. డిస్కు ఎర్రగా కాలినప్పుడు అలా బాగానే పోతాది, చల్లబడే కొద్దీ నెమ్మదైపోతాది. ఇంత వేడి పక్కన, ఆయిలు లేకుండా, నిమిషానికి వేల చుట్లు తిరిగే బాల్ బేరింగు అన్నేళ్ళు పనిచేసింది అంటే అది నాసిరకం కాదు తమ్ముడూ, చాలా మంచి ఇంజనీరింగు. ఓనరు గారికి ఈ మాట చెప్పు.

మెటల్ సెరామిక్, రీనియం గురించి రాత్రికి రాస్తాను, గజపతినగరంలో ఒక కాల్ ఉంది.

ఫిజిక్స్_మాస్టారు:

బాగా రాశారు సర్వీసు గారూ. నేను శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను, చరిత్ర వైపు నుంచి కొంచెం కలుపుతాను, ఎంచేతంటే ఓనరు గారు అన్న "అదే గాజు బుడ్డి" అన్న మాట పైకి చూస్తే నిజమే గానీ లోపల కథ వేరు.

రాంట్‌జెన్ 1895 నవంబరులో వాడింది గ్యాస్ ట్యూబు. అందులో ఫిలమెంటు లేదు, కొంచెం గాలి మిగిల్చి ఉంచుతారు, ఆ గాలి అయాన్లే కాథోడ్‌ని (మైనస్ వైపు కొసని) కొట్టి ఎలక్ట్రాన్లు రాలుస్తాయి. వాడే కొద్దీ ఆ గాలి గాజు గోడల్లోకి, లోహంలోకి ఇంకిపోయి తగ్గిపోతుంది, తగ్గే కొద్దీ ట్యూబు "గట్టిపడుతుంది", అంటే ఎక్కువ వోల్టేజి ఇస్తేగానీ నడవదు. పొద్దున్న తీసిన ఎక్స్-రేకీ సాయంత్రం తీసినదానికీ పోలికే ఉండదు. పైగా కేవీ ఎంఏ రెండూ ముడిపడి ఉండేవి, ఒకటి మారిస్తే రెండోది మారిపోయేది. ఈరోజు మీరు కేవీ ఒక మీట, ఎంఏ ఒక మీట వేరువేరుగా పెట్టుకుంటున్నారే, అదే కూలిడ్జ్ ఇచ్చింది. 1913లో, అమెరికాలో షెనెక్టడీలోని జనరల్ ఎలక్ట్రిక్ ల్యాబులో. గాలి పూర్తిగా తీసేసి, ఫిలమెంటుని వేడి చేసి ఎలక్ట్రాన్లు తీశాడు. ఫిలమెంటు వేడి ఎంఏని నిర్ణయిస్తుంది, మధ్యలో ఇచ్చే వోల్టేజి కేవీని నిర్ణయిస్తుంది.

దీని వెనకాల ఇంకో సంగతుంది. టంగ్‌స్టన్ పెళుసు లోహం, తీగ లాగాలంటే విరిగిపోయేది. దాన్ని తీగగా లాగే పద్ధతిని అదే కూలిడ్జ్ అంతకుముందే కనిపెట్టాడు, ఎక్స్-రే కోసం కాదు, కరెంటు బల్బుల కోసం. బల్బు కోసం చేసిన పని వైద్యానికి పనికొచ్చింది. పిల్లలకి ఈ పాఠం చెప్పినప్పుడల్లా నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

లైన్ ఫోకస్ ఆలోచన 1918లో జర్మనీలో గోట్జె పేటెంటుగా వచ్చింది. తిరిగే ఆనోడ్ ఆసుపత్రుల్లోకి గట్టిగా వచ్చింది ఫిలిప్స్‌లో బౌవర్స్ చేసిన రోటాలిక్స్ ట్యూబుతో, 1929లో. కాబట్టి నరసన్నపేట బాబూ, మీ మెషీనులో పోయిన భాగం కూలిడ్జ్‌ది కాదు, బౌవర్స్‌ది. కూలిడ్జ్ ఫిలమెంటు మీ ట్యూబులో ఇంకా బాగానే ఉండి ఉంటుంది.

ఒక మనవి. ఆ పాత ఇన్‌సర్టు పారెయ్యకుండా మాకిస్తారా? పిల్లలు బొమ్మలోనే చూశారు, చేతికి తగిలేలా చూపించాలని నా కోరిక.

ఇజీనగరం_సర్వీస్:

మాస్టారూ ఇవ్వొచ్చు గానీ జాగ్రత్త. హౌసింగులోంచి ఇంజనీరే తియ్యాలి, ఆయిలు పూర్తిగా కార్చాలి, పాతకాలం మెషీన్లలో ఆ ఆయిలు చేతికి తగలకూడదు. లోపల వాక్యూమ్ ఉన్న గాజు కాబట్టి కింద పడితే ముక్కలు లోపలికి లాక్కుని ఎగిరిపోతాయి, పిల్లల చేతికి అలాగే ఇవ్వొద్దు, పారదర్శకమైన పెట్టెలో బిగించి చూపించండి. కరెంటు లేనిదే రేడియేషన్ ఏమీ రాదు, ఆ భయం అక్కర్లేదు.

మిగతాది. రీనియం గురించి. స్వచ్ఛమైన టంగ్‌స్టన్ ట్రాకు ఒక్కసారిగా కాలి ఒక్కసారిగా చల్లారి, ఇలగ వేలసార్లు అయ్యాక సన్నసన్నని నెర్రెలు పడతాయి. ఎలక్ట్రాన్లు ఆ పగుళ్ళలోకి దూరి అక్కడ ఎక్స్-రే పుడితే బయటికి వచ్చే లోపు టంగ్‌స్టనే దాన్ని తినేస్తాది. అందుకే పాత ట్యూబుల్లో అదే కేవీ అదే ఎంఏఎస్ ఇచ్చినా అవుట్‌పుట్ తగ్గిపోయి, రేడియోగ్రాఫర్లు తెలీకుండానే ఎంఏఎస్ పెంచుకుంటూ పోతారు, పెంచే కొద్దీ ఇంకా నెర్రెలు. టంగ్‌స్టన్‌లో 5 నుంచి 10 శాతం రీనియం కలిపితే లోహానికి సాగే గుణం వచ్చి నెర్రెలు బాగా తగ్గుతాయి. ఇది ప్రచారం కాదు, నిజంగా పనికొచ్చే మార్పు. డిస్కు మొత్తం టంగ్‌స్టన్‌తో చెయ్యకుండా కింద మాలిబ్డినమ్ వేస్తారు, అది దాదాపు సగం బరువు, కిలోకి పట్టే వేడి దాదాపు రెట్టింపు. ఇంకా పెద్ద ట్యూబులకి వెనకాల గ్రాఫైట్ అంటిస్తారు, తేలిక, నల్లగా ఉంటాది కాబట్టి వేడిని బాగా వెదజల్లుతాది. డిస్కు తేలికైతే రోటర్ బేగి వేగం అందుకుంటాది, బేరింగు మీద భారం తగ్గుతాది. ఇప్పుడొచ్చే మామూలు ట్యూబుల్లో కూడా రీనియం టంగ్‌స్టన్, మాలిబ్డినమ్ సర్వసాధారణం, కాబట్టి అది స్పెషల్ అని ఎక్కువ డబ్బు అడిగితే ఇవ్వకు.

మెటల్ సెరామిక్. ఏళ్ళ తరబడి ఫిలమెంటు నుంచి, ట్రాకు నుంచి టంగ్‌స్టన్ ఆవిరై గాజు లోపలి వైపు పల్చగా పేరుకుంటాది, పాత ట్యూబు చూస్తే గోధుమ రంగు అద్దంలా కనిపిస్తాది. ఆ పొర మీద ఛార్జి చేరి ఒకరోజు హై కేవీ ఇవ్వగానే ఠప్పుమని ఆర్కు కొడతాది, గాజుకి కన్నం పడితే అంతే. మధ్య భాగం లోహంతో చేసి ఎర్త్ చేసేస్తే, హై టెన్షన్ చివర్లు సెరామిక్‌తో ఆపితే ఈ గొడవ ఉండదు. ఇంకో లాభం, ట్రాకు మీద పడి వెనక్కి ఎగిరిన ఎలక్ట్రాన్లు గాజు ట్యూబులో మళ్ళీ డిస్కు మీద ఇంకెక్కడో పడి అక్కర్లేని ఎక్స్-రే పుట్టిస్తాయి, బొమ్మ అంచులు దాటి పొగలా కనిపించేది కొంత అదే. లోహపు గోడ ఎర్త్ అయి ఉంటే ఆ ఎలక్ట్రాన్లలో చాలావాటిని అదే పట్టుకుంటాది. రోజంతా ఆగకుండా ఛాతీలు తీసే పెద్దాసుపత్రికి, యాంజియో ల్యాబుకి ఇది బాగా లాభం. మీ సెంటర్ లోడుకి మంచి గాజు ట్యూబు చాలు.

బొబ్బిలి_సీటీ:

హాయ్ అన్నయ్యలూ, మాది బొబ్బిలి, నేను వైజాగ్‌లో సీటీ టెక్నీషియన్‌ని. లిక్విడ్ బేరింగ్ అన్నారు కాబట్టి నేను చెప్తాను, ఎందుకంటే నా రోజువారీ పని దానితోనే.

బాల్స్ లేవు అందులో. షాఫ్టు మీద చేప ముల్లు ఆకారంలో సన్నటి గాళ్ళు చెక్కి, షాఫ్టుకీ దాని తొడుగుకీ మధ్య సందులో గాలియం, ఇండియం, టిన్ కలిపిన లోహం పోస్తారు, అది మామూలు ఉష్ణోగ్రతలోనే ద్రవంగా ఉంటుంది, వాక్యూమ్‌లో ఆవిరవ్వదు. తిరగడం మొదలవ్వగానే ఆ గాళ్ళు ద్రవాన్ని లోపలికి తోసి షాఫ్టుని తేలేలా పట్టుకుంటాయి, లోహానికి లోహం తగలదు, అరుగుదల దాదాపు లేదు, సౌండు కూడా లేదు. ఫిలిప్స్ 1989లో తెచ్చింది దీన్ని. నిజంగా పెద్ద లాభం ఏంటంటే ద్రవ లోహం వేడిని కూడా మోస్తుంది, అంటే సర్వీసు అన్నయ్య చెప్పిన "వేడి కాడలోంచి పోకూడదు" అన్న ఇబ్బంది తిరగబడింది, ఇక్కడ వేడి బేరింగులోంచే ఆయిల్లోకి పోతుంది. ఇంకోటి, పొద్దున్న తిప్పడం మొదలుపెడితే రాత్రి దాకా ఆపక్కర్లేదు, ప్రతి స్కానుకీ రోటర్ స్పీడు అందుకునే దాకా ఆగక్కర్లేదు, రోడ్ యాక్సిడెంట్ పేషెంటు టేబుల్ మీద ఉన్నప్పుడు ఆ సెకన్లు చాలా విలువైనవి.

సీటీలో ఇది ఎందుకు తప్పదంటే గాంట్రీ (ట్యూబుని మోస్తూ పేషెంటు చుట్టూ తిరిగే చట్రం) 0.3 సెకన్లో ఒక చుట్టు తిరుగుతుంటే ట్యూబు మీద పడే బలం దాని బరువుకి పాతిక రెట్లు పైనే. ఆ బలంలో బాల్ బేరింగు ఎంతకాలం ఆగుతుంది. సీమెన్స్ వాళ్ళు 2003లో స్ట్రాటాన్ అని ఇంకో దారి పట్టారు, ఆనోడ్ ఒక్కటే కాదు ట్యూబు మొత్తాన్నీ ఆయిల్లో తిప్పేశారు, ఆనోడ్ వెనక భాగం నేరుగా ఆయిలుకి తగులుతుంది, బేరింగులు వాక్యూమ్ బయట ఉన్నాయి కాబట్టి వాటికి లూబ్రికెంట్ సమస్యే లేదు. ఎలక్ట్రాన్ల ధారని అయస్కాంత కాయిల్స్‌తో వంచి ఒకేచోట పడేలా చేస్తారు, కావాలంటే ఆ మచ్చని అటూ ఇటూ జరుపుతారు కూడా, దాంతో స్లైసులు ఇంకా సన్నగా చూడొచ్చు. నిమిషానికి సుమారు 50 లక్షల హీట్ యూనిట్లు చల్లబరిచే ట్యూబు అది. అంతకుముందు ట్యూబులకి పెద్ద పెద్ద డిస్కులు పెట్టి వేడి దాచుకునేవారు, ఇక్కడ దాచుకోవడమే లేదు, వచ్చింది వచ్చినట్టు తోసెయ్యడమే. నా దృష్టిలో గత ముప్ఫై నలభై ఏళ్ళలో వచ్చిన అసలైన తెలివి ఇదే.

కానీ నరసన్నపేట అన్నయ్యా, మామూలు ఎక్స్-రే గదికి లిక్విడ్ బేరింగ్ వద్దు. ధర చూస్తే మీ ఓనరు గారు కంగారు పడతారు. అసలు ఆ ధరలో ఆయన చెప్పింది నిజంగా లిక్విడ్ బేరింగేనా అని మోడల్ నంబరు అడిగి డేటాషీటు తెప్పించుకోండి.

మన్యం_టీబీ:

నేను సీతంపేట, పార్వతీపురం వైపు టీబీ క్యాంపుల్లో పనిచేస్తాను. ఇంత పెద్ద మెషీన్ల గోల ఎందుకండీ, మేము చేత్తో మోసుకెళ్ళే బ్యాటరీ ఎక్స్-రేతో కొండ ఊళ్ళలో ఛాతీలు తీస్తన్నాం, బొమ్మ చాలా బావుంటంది. తిరిగే ఆనోడ్ లేదు, బేరింగు లేదు, సౌండు లేదు. డీఆర్ ప్యానెల్స్ అంత సెన్సిటివ్‌గా వచ్చాక తక్కువ ఎంఏ సరిపోతంది. ఇప్పుడు కార్బన్ నానోట్యూబులతో ఫిలమెంటే లేని కోల్డ్ కాథోడ్ మొబైల్ మెషీన్లు కూడా వచ్చాయని చదివాను, వేడి చేసే పనే లేదు, స్విచ్చు వేస్తే ఎలక్ట్రాన్లు, తీసేస్తే లేవు. చిన్న సెంటర్లన్నీ అటే వెళ్తాయి అని నా నమ్మకం. ఒకే ఒక్క ఎక్స్-రే కోసం డోలీలో పేషెంటుని కిందికి మోసుకురావడం చూసినవాడికి ఇది ఎంత పెద్ద మార్పో తెలుస్తాది.

ఇజీనగరం_సర్వీస్:

మన్యం బాబూ, మీ పనికి దండం, ఆ కొండల్లో ఆ మెషీన్ చేసే మేలుకి లెక్కలేదు, దాని మీద నాకు వాదన లేదు. నరసన్నపేటకి మాత్రం అది సరిపోదు. ఛాతీలో గాలే ఎక్కువ, 2 నుంచి 5 ఎంఏఎస్‌తో అయిపోతాది. నడుము సైడు వ్యూ లావుపాటి మనిషికి అలగ కాదు, ఫిక్సెడ్ ఆనోడ్ చిన్న ట్యూబు ఎంఏ తక్కువ కాబట్టి టైము సాగుతాది, ఊపిరి కదిలి బొమ్మ చెదిరిపోతాది. యాక్సిడెంట్ దెబ్బతో నొప్పికి వణుకుతున్న మనిషిని సెకనుసేపు కదలొద్దని ఎలగ చెప్తాం. కోల్డ్ కాథోడ్ మంచిదే, ముఖ్యంగా వరసగా చాలా మూలాలు పెట్టి ఒక్కొక్కటే వెలిగించే పనులకి, కానీ ఫిలమెంటు పోయినా ఆనోడ్ వేడి ఎక్కడికీ పోలేదు, ఆ 99 శాతం అక్కడే ఉంది.

ఫిజిక్స్_మాస్టారు:

ఆ వేడికి ఇంకా వింత జవాబు స్వీడన్‌లో కేటీహెచ్ అనే టెక్నికల్ యూనివర్సిటీ వాళ్ళు ఇచ్చారు, ఘనమైన టార్గెట్టే లేకుండా ద్రవ లోహాన్ని సన్నటి ధారగా వదిలి దాని మీద ఎలక్ట్రాన్లు కొట్టడం. ఇప్పటికే కరిగి ఉన్నదాన్ని కరిగిపోతుందని భయపడక్కర్లేదు, ప్రతి క్షణం కొత్త లోహం వస్తుంది. ఇప్పటికి ఎక్కువగా ల్యాబుల్లో పరిశోధనకే.

నరసన్నపేట_రేడియో:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. మాస్టారూ ఇన్‌సర్టు మీకే, ఓనరు గారు ఒప్పుకున్నారు. సర్వీసు అన్నా, రెండు అనుమానాలు. మా జనరేటరు సింగిల్ ఫేజ్ కదా, పాత జనరేటరు ఉంచుకుని కొత్త ఇన్‌సర్టు వేయిస్తే ఆ కొత్తది కూడా బేగి పోతాదా? రెండోది, మాకు కరెంటు ఎప్పుడూ నిలకడగా ఉండదు, గాలివాన రోజుల్లో అయితే చెప్పక్కర్లేదు, దానికీ ట్యూబు లైఫుకీ సంబంధం ఉందా?

ఇజీనగరం_సర్వీస్:

రెండిటికీ సంబంధం ఉంది తమ్ముడూ, నన్నడిగితే నీ అసలు నిర్ణయం ఇక్కడే ఉంది, ట్యూబులో కాదు.

సింగిల్ ఫేజ్‌లో వోల్టేజి సున్నా నుంచి పైదాకా సెకనుకి 100 సార్లు లేచి పడతాది. 80 కేవీ అని పెట్టావంటే ఆ 80 శిఖరం మీద ఒక్క క్షణమే, మిగతా టైములో పుట్టే మెత్తటి ఎక్స్-రే పేషెంటు చర్మంలోనే ఆగిపోతాది, ప్యానెల్ దాకా రాదు. హై ఫ్రీక్వెన్సీ జనరేటరులో వోల్టేజి దాదాపు నిలకడగా ఉంటాది, అదే బొమ్మకి తక్కువ ఎంఏఎస్ చాలు, టైము తగ్గుతాది, పేషెంటుకి డోసు తగ్గుతాది. ఇంకా కేవీని, ఫిలమెంటు కరెంటుని మెషీనే ప్రతిక్షణం చూసుకుని సరిచేసుకుంటాది. ఫిలమెంటు వేడి కొంచెం పెరిగినా ఎలక్ట్రాన్లు చాలా ఎక్కువ పెరుగుతాయి, టంగ్‌స్టన్ ఆవిరి కూడా అలాగే పెరుగుతాది, అందుకే లైను వోల్టేజి ఎగిరే ఊళ్ళో స్టెబిలైజరు సరిగ్గా లేని పాత మెషీన్లకి ఫిలమెంట్లు బేగి పోతాయి, గాజు బేగి నల్లబడతాది. నా సలహా, డబ్బు ఉంటే జనరేటరు మార్చండి, దాంతోపాటు మంచి రీనియం టంగ్‌స్టన్ గాజు ట్యూబు, 1,40,000 హీట్ యూనిట్లు ఉన్నా మీ లోడుకి హాయిగా సరిపోతాది, 3,00,000 దాకా ఉంటే ఇంకా మంచిది. మెటల్ సెరామిక్‌కి ఇచ్చే తేడా డబ్బు స్టెబిలైజరు మీద, ఎర్తింగు మీద పెట్టండి.

ట్యూబు ఏదైనా దాని లైఫు చేతిలో ఉన్న స్విచ్చు మీద ఆధారపడి ఉంటాది. స్విచ్చుకి రెండు మెట్లు ఎందుకున్నాయి, మొదటి మెట్టులో రోటర్ తిరగడం మొదలవ్వాలి, ఫిలమెంటు స్టాండ్‌బై వేడి నుంచి పూర్తి వేడికి రావాలి. ఆ మెట్టు మీద వేలు పెట్టుకుని "ఊపిరి పీల్చండి, గట్టిగా, ఆపండి, ఆపండి" అంటూ నిలబడిపోతే ఆ సేపంతా బేరింగు అరుగుతాది, ఫిలమెంటు ఆవిరై అరిగిపోతా ఉంటాది, ఒక్క ఎక్స్-రే కూడా రాదు. పేషెంటుకి ముందే నేర్పించి, ఊపిరి తీసుకోవడం మొదలెట్టినప్పుడు ప్రెప్ నొక్కి, రెడీ రాగానే వెంటనే ఎక్స్‌పోజ్ చెయ్యాలి. పొద్దున్నే చల్లటి ఆనోడ్ మీద మొదటి ఎక్స్‌పోజరే నడుముది పెద్దది కొడితే పైపొర ఒక్కసారి వ్యాకోచించి లోపలి భాగం చల్లగానే ఉండిపోయి డిస్కు పగిలే ప్రమాదం ఉంది. ట్యూబు కంపెనీ మాన్యువల్‌లో వార్మప్ ఇస్తారు, తక్కువ ఎంఏతో కొన్ని ఎక్స్‌పోజర్లు మధ్యలో ఆగుతూ, షట్టర్లు మూసి. అది రోజూ చెయ్యాలి, ఎక్కువసేపు మెషీన్ ఆపి ఉంచిన తర్వాత కూడా.

బొబ్బిలి_సీటీ:

ఇంకో చిన్న మాట కలుపుతున్నా. కొత్త ట్యూబు బిగించాక ఆనోడ్ ఏ వైపు వచ్చిందో చూసుకోండి, హౌసింగు మీద ప్లస్ మైనస్ గుర్తులు ఉంటాయి. ఆనోడ్ వైపు ఎక్స్-రే కొంచెం బలహీనంగా వస్తుంది, టార్గెట్టు దాని ఎక్స్-రేని అదే అడ్డుకోవడం వల్ల. తొడ ఎముకలాంటివి తీసేటప్పుడు లావుగా ఉన్న తుంటి వైపు కాథోడ్, సన్నగా ఉన్న మోకాలి వైపు ఆనోడ్ పెడితే బొమ్మ అంతా ఒకే రకంగా వస్తుంది. మెషీన్ మారినప్పుడు ఈ దిక్కు తిరగబడొచ్చు, టేబుల్ మీద స్టిక్కర్ అంటించుకోండి.

నరసన్నపేట_రేడియో:

చాలా బాగా చెప్పారు చెల్లీ, అంటిస్తాను. ఓనరు గారికి మొత్తం చదివి వినిపించాను, జనరేటరు మార్చడం వైపే మొగ్గు చూపిస్తన్నారు. కొటేషన్‌లో ఏమేం అడగాలి అన్నా, ఒకసారి చెప్పేస్తే రాసుకుంటాను.

ఇజీనగరం_సర్వీస్:

ట్యూబు మోడల్ నంబరు, దాని రేటింగ్ చార్టు (ఒకసారికి ఎంత లోడు ఇవ్వొచ్చో చెప్పేది), ఆనోడ్ కూలింగ్ చార్టు (ఎంతసేపట్లో చల్లబడుతుందో చెప్పేది) అడుగు, ఇవ్వనంటే ఆ కొటేషన్ పక్కన పెట్టెయ్. రెండు ఫోకస్‌ల సైజులు, 0.6, 1.2 మామూలుగా ఉంటాయి. టార్గెట్ కోణం, ప్యానెల్ మూలల దాకా కవర్ అవుతాదో లేదో మీ గదిలో దూరం కొలిచి చెప్పమను. ఇన్‌సర్టు కొత్తదా, మళ్ళీ లోడ్ చేసిందా రాతలో ఇమ్మను. వారంటీ నెలల్లోనా ఎక్స్‌పోజర్లలోనా అడుగు. బిగించిన తర్వాత ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ బోర్డు) రూల్స్ ప్రకారం క్యూఏ (నాణ్యత పరీక్ష) చేయించు, కేవీ కరెక్టుగా ఉందా, టైమర్ సరిగా ఉందా, హౌసింగు నుంచి లీకేజి మీటరు దూరంలో గంటకి 1 మిల్లీగ్రే దాటకుండా ఉందా, అన్నీ కాగితం మీద రావాలి, అది రాకుండా పేషెంట్లని మొదలుపెట్టొద్దు. కొత్త ట్యూబుని మొదటిరోజే 100 కేవీకి తీసుకెళ్ళకూడదు, తక్కువ కేవీ నుంచి కొంచెం కొంచెం పెంచుకుంటూ సీజనింగ్ చెయ్యాలి, అది బిగించే ఇంజనీరు పనే, కానీ నువ్వు పక్కన నిలబడి చూడు, కంగారులో చాలామంది వదిలేస్తారు. చార్టు వచ్చాక ఇక్కడ పెట్టు, మీ నడుము ఎక్స్‌పోజర్లు వరసగా ఎన్ని తీస్తే ఆగాల్సొస్తాదో లెక్కేసి చెప్తాను.